అందరూ మరిచిన ఇ5200కే నా ఓటు

ఆల్‌టైమ్ బెస్ట్ ప్రాసెసర్ ఏది అని కంప్యూటర్ పిచ్చి ఉన్న నలుగురు ఒకచోట కూర్చుంటే కాసేపట్లోనే అవే పేర్లు బయటకొస్తాయి. సెలెరాన్ 300ఏ, అథ్లాన్ 64, క్యూ6600, ఐ5-2500కే, కుర్రవాళ్లయితే రైజెన్ 5800ఎక్స్3డీ. వీటిలో దేని మీదా నాకు చిన్నచూపు లేదు, అన్నీ ఒక్కో రకంగా గొప్పవే. కానీ నల్లగొండలో సిస్టంలు అసెంబుల్ చేసి అమ్మి, ఏడాదికో రెండేళ్లకో అవే సిస్టంలు రిపేర్‌కి వస్తే విప్పి దుమ్ము ఊది మళ్లీ నడిపించి పంపినవాడిగా ఈ జాబితాల మీద నాకొక గట్టి పేచీ ఉంది. మా జిల్లాలో డీటీపీ సెంటర్లు, ఫోటో స్టూడియోలు, మిర్యాలగూడ మిల్లు ఆఫీసులు, మీసేవ కేంద్రాలు ఏళ్ల తరబడి దేని మీద నడిచాయో ఆ చిప్ పేరు వీటిలో ఎక్కడా కనిపించదు. అది 2008 ఆగస్టులో వచ్చిన ఇంటెల్ పెంటియం డ్యూయల్ కోర్ ఇ5200. నా లెక్కలో మొదటి స్థానం దానిదే, ఎందుకో వివరంగా చెప్తాను.

ముందు, జనం ప్రాసెసర్లను ఎందుకు ప్రేమిస్తారో చూద్దాం. ఎంతో వేగం ఉన్న చిప్‌ను ఎవరూ పదేళ్ల తర్వాత గుర్తుపెట్టుకోరు, ఎందుకంటే మరుసటి ఏడే దాన్ని మించింది వస్తుంది. ఖరీదైన చిప్ చేసే పనిని తక్కువ డబ్బుకు చేసి పెట్టిన చిప్‌నే గుర్తుపెట్టుకుంటారు. 1975లో మాస్ టెక్నాలజీ వాళ్లు 6502ని 25 డాలర్లకు అమ్మినప్పుడు జరిగింది అదే. అప్పటికి మోటరోలా, ఇంటెల్ చిప్‌ల ధర వందల డాలర్లలో ఉండేది, అంత తక్కువకు ప్రాసెసర్ వస్తుందంటే మొదట చాలామంది నమ్మలేదు. ఆపిల్ 2 దాని మీదే వచ్చింది. కమడోర్ 64లో ఉన్నది దాని తమ్ముడు 6510. మన దేశంలో 1984-85లో బడిపిల్లలకు కంప్యూటర్ నేర్పాలని కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు వాడిన బీబీసీ మైక్రోల్లో కూడా 6502నే ఉంది. దాని తోటిదైన జైలాగ్ జెడ్80 అయితే 1976లో వచ్చి 2024 దాకా తయారీలోనే ఉంది. ఇంటెల్ 8085 సంగతి వేరే చెప్పాలా, పాలిటెక్నిక్‌లో ఈసీఈ చదివిన ఎవర్ని అడిగినా ట్రైనర్ కిట్ మీద హెక్సాడెసిమల్ కీలు నొక్కుతూ ప్రోగ్రాం ఎక్కించిన రోజులు చెప్తారు.

సెలెరాన్ 300ఏ కథ కూడా ఇదే. ఇంటెల్ చవక రకంగా 1998 ఏప్రిల్‌లో తెచ్చిన మొదటి సెలెరాన్‌లో ఎల్2 క్యాష్ (తరచూ కావాల్సిన డేటాను చేతికి అందేలా దాచుకునే చిన్న వేగమైన మెమరీ) అసలే పెట్టలేదు, దాంతో అది నత్తనడక నడిచింది, అందరూ తిట్టారు. ఆ తిట్లు పడ్డాక ఇంటెల్ అదే ఏడాది ఆగస్టులో 300ఏ తెచ్చి అందులో 128 కేబీ క్యాష్ పెట్టింది, అదీ చిప్ లోపలే, ప్రాసెసర్ ఎంత వేగంతో నడిస్తే అంతే వేగంతో. ఖరీదైన పెంటియం 2లో క్యాష్ 512 కేబీ ఉన్నా అది చిప్ బయట కూర్చుని సగం వేగంతో నడిచేది. ఇక 300ఏని పెట్టిన మదర్‌బోర్డులో బస్ (ప్రాసెసర్‌కి డేటా వచ్చిపోయే దారి) స్పీడ్ 66 నుంచి 100కి మారిస్తే 300 మెగాహెర్ట్జ్ చిప్ 450కి పోయేది, చాలావరకు ఏ గొడవా లేకుండా. దాని ధర 149 డాలర్లు. అదే నెలలో వచ్చిన పెంటియం 2 450 ధర అంతకు నాలుగు రెట్ల పైనే. కాబట్టి 300ఏ మీద ప్రేమ న్యాయమైందే, ఓవర్‌క్లాకింగ్, అంటే చిప్‌ను కంపెనీ చెప్పిన వేగం కంటే ఎక్కువకు నడిపించే సరదాని మామూలు మనుషుల దగ్గరికి తెచ్చింది అదే.

మరి ఇదే కొలత పెట్టినప్పుడు ఇ5200 ఎందుకు లేదు? దాని లోపలున్న కోర్, అంటే లెక్కలు చేసే భాగం, అదే ఏడాది జనవరిలో 183 డాలర్లకు వచ్చిన కోర్ 2 డ్యూయో ఇ8400లోని కోర్ లాంటిదే. 45 నానోమీటర్ల తయారీలో వోల్ఫ్‌డేల్ అనే డిజైన్, రెండు కోర్లు, అవే 65 వాట్లు. తేడా అల్లా క్యాష్ 6 ఎంబీ బదులు 2 ఎంబీ, స్పీడ్ 3 గిగాహెర్ట్జ్ బదులు 2.5, బస్ 1333 బదులు 800. ధర మాత్రం 84 డాలర్లు. గేమ్‌లలో ఆ తేడా తెలుస్తుంది, కాదనను. పేజ్‌మేకర్‌లో, ట్యాలీలో, ఫోటోషాప్‌లో పెళ్లి ఆల్బం చేస్తున్నప్పుడు ఎంతమందికి తెలుస్తుంది?

ఇ5200 విలువ తెలియాలంటే దానికి ముందు మేం ఏం పడ్డామో తెలియాలి. అది పెంటియం 4 కాలం. 2000 నవంబర్‌లో పెంటియం 4 వచ్చినప్పుడు ఇంటెల్ పందెమంతా గిగాహెర్ట్జ్ మీదే కాసింది. ప్రాసెసర్ లోపల ఒక్కో ఆదేశాన్ని ముక్కలు చేసి వరుసగా మెట్లు దాటిస్తారు, దాన్ని పైప్‌లైన్ అంటారు. మిల్లు దగ్గర లారీకి బస్తాలు ఎక్కించేటప్పుడు మనుషులు వరుసగా నిలబడి చేతుల మీదుగా అందించుకుంటారు చూడండి, అలాంటిదే. మనుషులు ఎక్కువైతే ఒక్కొక్కరు కదలాల్సింది తక్కువ కాబట్టి చేతులు వేగంగా ఆడతాయి. కానీ పొరపాటున వేరే లారీకి ఎక్కించాల్సిన బస్తాలు వస్తున్నాయని చివర్లో తెలిసిందంటే వరుసలో ఉన్నవన్నీ వెనక్కి పోవాలి, వరుస ఎంత పొడుగైతే నష్టం అంత. ప్రోగ్రాంలో తర్వాత ఏ దారిన పోవాలో ప్రాసెసర్ ముందే ఊహించి పని మొదలుపెడుతుంది, ఊహ తప్పినప్పుడల్లా జరిగేది ఇదే. 2004 ఫిబ్రవరిలో వచ్చిన ప్రెస్కాట్ పెంటియం 4లో ఈ మెట్లు 31. అంతకు ముందు రకంలో 20. దానికి తోడు 90 నానోమీటర్లకు వచ్చేసరికి ట్రాన్సిస్టర్ ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా కరెంటు కారిపోవడం బాగా పెరిగింది, అంటే పని లేకుండా ఖాళీగా ఉన్నా చిప్ వేడెక్కుతూనే ఉండేది. మోడల్‌ను బట్టి 84 నుంచి 115 వాట్ల దాకా వేడి. 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 తెస్తామని చెప్పిన ఇంటెల్ అదే ఏడాది అక్టోబర్‌లో ఆ మోడల్‌నే రద్దు చేసుకుంది.

ఆ చిప్‌ను తెచ్చి నల్లగొండ మే నెలలో రేకుల షెడ్డు కింద నడపండి.

ఓవర్‌క్లాకింగ్ గురించి రాసేవాళ్లు దాదాపు ఎప్పుడూ పట్టించుకోని సంగతి ఇది. ఫ్యాన్, హీట్‌సింక్ ఎంత మంచివైనా గది గాలి కంటే చిప్‌ను చల్లగా చేయలేవు. గది కంటే ఇన్ని డిగ్రీలు ఎక్కువ అన్నదే వాటి చేతిలో ఉంది. ఒక ప్రాసెసర్ పూర్తి పని మీద గది కంటే 45 డిగ్రీలు ఎక్కువకు పోతుందనుకుంటే, గదిలో 20 డిగ్రీలున్న దేశంలో అది 65 దగ్గర హాయిగా కూర్చుంటుంది. మా దగ్గర ఎండాకాలం బయట 44 ఉంటుంది, షాపు లోపల మధ్యాహ్నం 40 దాటుతుంది, అదే ప్రాసెసర్ 85 దాటుతుంది. పైగా దుమ్ము. మిర్యాలగూడ రైస్‌మిల్లు ఆఫీసుల నుంచి వచ్చే సిస్టంలు విప్పితే హీట్‌సింక్ రెక్కల మధ్య తవుడు ఉండచుట్టుకుని గాలి పోయే సందు కూడా ఉండేది కాదు. దానికి తోడు ఎల్‌జీఏ775 సాకెట్ కూలర్‌కి ఉండే నాలుగు ప్లాస్టిక్ పిన్నులు వేడికి వదులైపోయి ఒక మూల లేచేది. పెంటియం 4లో ఒక మంచి గుణం ఉంది, బాగా వేడెక్కితే తనంతట తానే వేగం తగ్గించుకుని ప్రాణం కాపాడుకుంటుంది. దాంతో చిప్ కాలిపోయేది కాదు, యజమాని మాత్రం వచ్చి "అన్నా, బంద్ అయితలేదు, కానీ పొద్దున నడిచినట్టు పగటీలి నడుస్తలేదు" అనేవాడు. ఫార్మాట్ కొట్టినా అంతే, వైరస్ తీసినా అంతే. ఎండ తగ్గితే సాయంత్రం మళ్లీ బాగా నడిచేది.

కరెంట్ కోతలు సరేసరి. రాత్రి పూట కోత, పగలు చెప్పి ఒకసారి చెప్పక రెండుసార్లు. మామూలు 600 వీఏ యూపీఎస్ మీద ప్రెస్కాట్ ఒకటి, సీఆర్‌టీ మానిటర్ ఒకటి కలిస్తే ఫైల్ సేవ్ చేసి షట్‌డౌన్ చేసేంత టైం దొరకడమే గగనం. బ్యాటరీ కాస్త పాతబడిందంటే అదీ లేదు. పెళ్లి పత్రిక సగం కొట్టాక కరెంటు పోయి యూపీఎస్ కూడా కుయ్యోమంటే ఆ డీటీపీ ఆపరేటర్ పడే టెన్షన్ నేను కళ్లారా చూశాను.

దీనికి విరుగుడు ఇంటెల్‌కు ఎక్కడ దొరికిందన్నది నాకు ఎప్పటికీ ఇష్టమైన కథ. ఇజ్రాయెల్‌లోని హైఫాలో వాళ్ల టీం ఒకటి లాప్‌టాప్‌ల కోసం వేరే దారిలో పని చేస్తూ ఉండేది. లాప్‌టాప్‌కి బ్యాటరీయే లోకం కాబట్టి గిగాహెర్ట్జ్ గొప్పలు వాళ్లకు పనికిరావు. అందుకని వాళ్లు పెంటియం 4ని పక్కన పెట్టి, 1995 నాటి పెంటియం ప్రో నుంచి పెంటియం 3 దాకా వచ్చిన పాత వంశాన్నే పట్టుకుని బాగుచేశారు. అలా 2003లో పెంటియం ఎం వచ్చింది. 1.6 గిగాహెర్ట్జ్ పెంటియం ఎం చాలా పనుల్లో అంతకంటే ఎంతో ఎక్కువ గిగాహెర్ట్జ్ ఉన్న పెంటియం 4కి దీటుగా నిలబడేసరికి కంపెనీ మొత్తం దారి మార్చుకోవాల్సి వచ్చింది. ఆ ఆలోచన మీదే 2006 జులైలో కోర్ 2 డ్యూయో వచ్చింది, 14 మెట్ల పైప్‌లైన్‌తో, 65 వాట్లతో. బ్యాటరీ పొదుపు కోసం పుట్టిన డిజైన్ కరెంట్ కోతల ఊళ్లకు అతికినట్టు సరిపోవడంలో ఆశ్చర్యమేముంది.

కోర్ 2 డ్యూయో మొదట్లో మాలాంటి ఊళ్లకు దూరం. 2007 జూన్‌లో ఇ2140, ఇ2160 పేర్లతో చవక రకాలు వచ్చాక కదలిక మొదలైంది, ఆ తర్వాతి ఏడు ఇ5200 వచ్చాక ఇంకేం చూడక్కర్లేకపోయింది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కి సామాను తెచ్చే మాలాంటివాళ్లందరి చీటీలోనూ ఒకటే వరుస ఉండేది: జీ31 బోర్డు, ఇ5200, 1 లేదా 2 జీబీ డీడీఆర్2, 160 జీబీ హార్డ్‌డిస్క్. పైగా దాని పేరులో పెంటియం ఉంది. ఇంటెల్ ఆ పేరును చవక రకానికి దించేసిందని ఔత్సాహికులు మొహం చిట్లించారు గానీ, మా కస్టమర్లకు అది నమ్మకమున్న పేరు, "పెంటియమేనా అన్నా?" అని అడిగి మరీ కొనేవాళ్లు. (ఆ పేరుతో వచ్చిన మొదటి చిప్ వెనక పెద్ద చెయ్యి పుణెలో పుట్టిన వినోద్ ధామ్‌ది. ఆయన తర్వాత నెక్స్‌జెన్ అనే చిప్ కంపెనీకి వెళ్లారు, ఇంటెల్‌కు పోటీ అయిన ఏఎండీ ఆ కంపెనీని కొన్నాక వాళ్ల కే6 చిప్ తయారీలోనూ పాలుపంచుకున్నారు. రెండు వైపులా చెయ్యి వేసిన మనిషి.)

రెండు కోర్లు ఉండటం అంటే ఏమిటో చెప్పడానికి మండల కేంద్రాల్లో మొబైల్ షాపులను మించిన ఉదాహరణ లేదు. 2009 నుంచి కొన్నేళ్లపాటు మెమరీ కార్డులో పాటలు ఎక్కించడమే వాళ్ల ప్రధాన వ్యాపారం. వీడియో పాటని ఫోన్‌లో నడిచే 3జీపీకో ఎంపీ4కో మార్చాలి, అదే సమయంలో ఇంకో కస్టమర్ కార్డు కాపీ కొట్టాలి, మధ్యలో పెన్‌డ్రైవ్ పెట్టగానే యాంటీవైరస్ స్కాన్ మొదలవుతుంది. ఒక్క కోర్ ఉన్న సిస్టంలో కన్వర్షన్ మొదలైందంటే మౌస్ బాణం కూడా ఆగి ఆగి కదిలేది. ఇ5200లో ఒక కోర్ కన్వర్షన్‌లో మునిగినా రెండోది ఖాళీగా ఉండి మిగతా పని చూసుకునేది. డీటీపీలోనూ అంతే, స్టూడియోల్లోనూ అంతే. ఇది బెంచ్‌మార్క్‌లో పది శాతమో పదిహేను శాతమో ఎక్కువ రావడం కాదు, షాపు ముందు నిలబడ్డ మనిషిని నిలబెట్టకుండా పంపించగలగడం. 2011లో మీసేవ మొదలై కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, పహాణీ కోసం జనం బారులు తీరినప్పుడు నేను చూసిన కౌంటర్లలో చాలావాటి వెనక ఈ తరం సిస్టంలే ఉన్నాయి.

ఏఎండీ అభిమానులకు ఇప్పటికే కోపం వచ్చి ఉంటుంది, వాళ్ల మాటలో న్యాయం ఉంది. 2003లో అథ్లాన్ 64 రాకపోతే ఇంటెల్ నిద్ర లేచేదే కాదు. ఇవాళ మనం వాడే 64 బిట్ ఎక్స్86 పద్ధతి ఏఎండీ రాసింది, ఇంటెల్ దాన్నే తీసుకుంది. మా దగ్గర మాత్రం "ఏఎండీ వేడెక్కుతది" అనే మాట పాతుకుపోయింది. ఆ మాటకు పుట్టుక ఉంది. మొదటి తరం అథ్లాన్‌లలో వేడిని కనిపెట్టి ఆగిపోయే ఏర్పాటు లేదు, కూలర్ ఊడిపోతే క్షణాల్లో కాలిపోయేవి, చిప్ మీద మూత లేక కూలర్ బిగించేటప్పుడు మూలలు పగిలేవి. కానీ అథ్లాన్ 64 నాటికి ఇవన్నీ సరిచేశారు. మూత వచ్చింది, పని లేనప్పుడు వేగం, వోల్టేజ్ తగ్గించుకునే కూల్ అండ్ క్వైట్ వచ్చింది. అంటే 2004, 2005లలో వేడికి భయపడి ఏఎండీ వద్దని ప్రెస్కాట్ కొన్నవాళ్లు నిజానికి ఎక్కువ వేడి ఉన్నదాన్నే ఇంటికి తీసుకెళ్లారు. అథ్లాన్ 64కి మా జిల్లాలో దక్కాల్సిన గౌరవం దక్కలేదు, ఆ అన్యాయం ఇప్పుడు తలచుకున్నా బాధగానే ఉంటుంది. అయినా నా ఓటు ఇ5200కే, ఎందుకంటే మా దగ్గర బల్లల మీద ఉండి పని చేసింది అదే.

క్యూ6600 విషయం ఒప్పుకుంటాను. 2007 జనవరిలో 851 డాలర్లకు వచ్చి జులైకల్లా 266కి దిగిన నాలుగు కోర్ల చిప్ అది, పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే స్టూడియోవాళ్లకు దేవుడిచ్చిన వరం, రాత్రంతా రెండరింగ్ పెట్టి పడుకునే బాధ తగ్గించింది. ఐ5-2500కే 2011లో వచ్చింది. చాలా మంచి చిప్, 4.4, 4.5 గిగాహెర్ట్జ్ దాకా సునాయాసంగా పోయేది. కానీ ఆ ఓవర్‌క్లాకింగ్ కావాలంటే పీ67 లాంటి ఖరీదైన బోర్డు, పెద్ద కూలర్, మంచి ఎస్‌ఎంపీఎస్ (సిస్టంకి కరెంటు ఇచ్చే డబ్బా) కావాలి, అన్నిటికంటే ముందు చల్లటి గది కావాలి. అవన్నీ ఉన్నవాళ్ల ఇష్టాలే జాబితాలుగా మారి, అవి లేనివాళ్ల ఇష్టాలను కూడా నిర్ణయిస్తున్నాయి. నా అభ్యంతరం అక్కడే.

ఇ5200 లోపాలు దాచను. వర్చువలైజేషన్‌కి, అంటే ఒక కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ని నడపడానికి, కావాల్సిన వీటీ అనే ఏర్పాటు అందులో లేదు, ప్రాజెక్టు కోసం 64 బిట్ వర్చువల్ మెషిన్ నడపాలనుకున్న బీటెక్ పిల్లలు దానితో ఇబ్బంది పడ్డారు. ఎస్‌ఎస్‌ఈ4 అనే అదనపు ఆదేశాలు కూడా లేవు, కొన్నేళ్లకు కొత్త సాఫ్ట్‌వేర్లు ఒక్కొక్కటే మొరాయించాయి. యూట్యూబ్ హెచ్‌డీకి వచ్చాక జీ31 గ్రాఫిక్స్ మీద ఆయాసపడింది. కానీ దాని వయసు చూడండి. ఎక్స్‌పీతో మొదలై, విండోస్ 7 మీద హాయిగా నడిచి, హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెడితే విండోస్ 10ని కూడా లాక్కొచ్చింది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపింది 2025 అక్టోబర్‌లో. అంటే 2008లో 84 డాలర్ల చిప్ కొన్న మనిషికి 17 ఏళ్లపాటు సపోర్ట్ ఉన్న విండోస్ దొరికిందన్నమాట. విండోస్ 11 దాన్ని దగ్గరికి రానివ్వదు. అది 2017 మొదట్లో వచ్చిన ఏడో తరం కోర్ ఐ7-7700కేని కూడా రానివ్వట్లేదు కాబట్టి ఇ5200కి అందులో తలవంపులేం లేవు.

ఒక రిపేర్ మనిషిగా ఇంకొకటి చెప్పాలి. పాత సిస్టం చచ్చిపోయిందని తెస్తే పోయింది దాదాపు ఎప్పుడూ ప్రాసెసర్ కాదు. బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి ఉంటాయి, లేదా ఎస్‌ఎంపీఎస్ పోయి ఉంటుంది. బోర్డు పోతుంది, దాని మీది ఇ5200 మాత్రం బతికే ఉంటుంది. అలా బోర్డు లేని మంచి ప్రాసెసర్లు ఎన్ని మిగిలిపోయాయంటే, వాటి కోసమే చవక కంపెనీలు డీడీఆర్3తో నడిచే జీ41 బోర్డులను కొత్తగా తయారుచేసి, కొత్త డబ్బాల్లో, వారంటీ కార్డుతో ఎన్నో ఏళ్లపాటు అమ్మాయి. పాత ఇ5200ను వాటిలో బిగించి మళ్లీ అదే కౌంటర్ వెనక పెట్టినవాళ్లు మా దగ్గర చాలామంది ఉన్నారు.